కారు కొనేముందు నడుముని అడగండి

"డాక్టరుగారూ, మెర్సిడెస్ కొనమంటారా, బి.ఎం.డబ్ల్యు. కొనమంటారా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య నాకు తరచు తగులుతున్నారు. ప్రభుత్వాసుపత్రి డాక్టరును అడగవలసిన ప్రశ్న కాదిది. నా జీతానికీ ఆ కార్లకీ చుట్టరికం లేదు. అయినా అడిగేవాళ్ళని తప్పుపట్టలేను. మనవాళ్ళకి పెద్ద కారు మీద మనసు పుట్టేది సామాన్యంగా యాభై దాటాకే. పిల్లలు స్థిరపడతారు, అప్పులు తీరతాయి, అమెరికాలో వున్న కొడుకో కూతురో "నాన్నా, ఇప్పుడైనా సుఖపడండి" అంటారు. సరిగ్గా ఆ వయస్సులోనే మోకాళ్ళూ, నడుమూ, మెడా మొరాయించడం మొదలుపెడతాయి.

ఇంజను బలం, పెట్రోలు ఖర్చు, మళ్ళీ అమ్మితే వచ్చే ధర, ఇవన్నీ చెప్పడానికి వేరేవాళ్ళు వున్నారు. లోపల కూర్చునే ఒంటికి ఏ కారు పడుతుందో తేల్చుకోవడం ఎలాగో నేను చెబుతాను.

పది నిమిషాల పరీక్ష చాలదు

మూడు వందల రూపాయల చెప్పులు కొనేటప్పుడు కూడా తొడుక్కుని నాలుగడుగులు వేసి చూస్తాం. డెబ్బై లక్షల కారును మాత్రం షోరూము చుట్టూ పది నిమిషాలు తిప్పి, "వెన్నలా పోతోందండీ" అని మురిసిపోయి అడ్వాన్సు కట్టేస్తాం. ఆ పది నిమిషాలూ పక్కన షోరూము కుర్రవాడు కబుర్లు చెబుతూనే వుంటాడు. ఏసీ చల్లగా వుంటుంది. రోడ్డు వాళ్ళు ఎంచిపెట్టిందే. కొత్త కారన్న సంబరంలో నొప్పి తెలియదు.

మెత్తటి సీటు మొదట చాలా హాయిగా వుంటుంది. కాసేపటికి పిరుదులు దిగబడి, నడుము దగ్గర సహజంగా వుండే వంపు పోయి, వీపు విల్లులా వంగుతుంది. స్వీడన్ దేశంలో నాకెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960ల్లో వెన్నుపూసల మధ్య వుండే డిస్కులోకి సూది పంపి అక్కడి ఒత్తిడి కొలిచాడు. ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు, నిలబడినప్పటికంటే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువని తేల్చాడు. తేడా అంత లేదని తరువాతి వారు కొందరన్నారు గాని, వీపు కొంచెం వెనక్కి వాల్చి ఆనుకుంటే ఒత్తిడి తగ్గుతుందన్న దానిలో పేచీ లేదు. దీనికి తోడు రోడ్డు అదురు. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు వచ్చే కుదుపుకు అన్నిటికంటే ఎక్కువగా లోనవుతుంది. గతుకుల రోడ్డు మీద కారు ఇచ్చే కుదుపు చాలావరకు ఈ కోవలోదే.

కనుక ఏ కారునైనా కనీసం ముప్పావుగంట అడిగి తీసుకోండి. ఇవ్వమంటే మరో షోరూము చూసుకోండి. అంత డబ్బు పోసేవాడికి ఆమాత్రం అడిగే హక్కు వుంది. రెండు మూడు కార్లు పోల్చదలిస్తే అన్నిటినీ ఒకే రోడ్డు మీద, రోజులో ఒకే వేళకు నడపండి. హైదరాబాదులో వున్నవాళ్ళు అవుటర్ రింగు రోడ్డు మీద నడిపి సంబరపడటం చూస్తుంటాను. ఆ రోడ్డు మీద ఏ కారైనా బాగానే పోతుంది. మీ వీధి మలుపులోని గుంటలు, మీ ఊరి రైల్వే గేటు, కొలతాపాడూ లేకుండా పోసిన స్పీడు బ్రేకర్లు, వీటి మీద పోనివ్వండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత వుందో లేదో ముందే చూపించమనండి. గాలి తక్కువుంటే కుదుపు మెత్తగా తోస్తుంది. అది కారు గొప్ప కాదు. చక్రం పెద్దదై, టైరు పట్టీలా పల్చగా వున్న కారు చూపుకి అందంగా వుంటుంది గాని, గుంటలో పడిన దెబ్బ తిన్నగా మీ నడుముకే అందుతుంది. పేరు ఒకటే అయినా చిన్న చక్రాల రకం దొరికితే అదే తీసుకోమంటాను.

మరొక సంగతి. ఆ సాయంత్రమే సంతకాలు చెయ్యకండి. కండరం పట్టేసిన సంగతి చాలాసార్లు మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడుగాని తెలియదు. ఏ కారు నడిపిన మర్నాడు నడుము ఎలా వుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఎక్కడం, దిగడం

సెడాన్ కార్లు నేలకు దగ్గరగా వుంటాయి. రోడ్డును అంటిపెట్టుకుని పోవడానికి అది మంచిదే. మోకాళ్ళకు మాత్రం మంచిది కాదు. కూర్చునే చోటు ఎంత కిందికి వుంటే మోకాలు అంత ఎక్కువగా మడవాలి. లేచేటప్పుడు మోకాలి చిప్ప వెనక అంత ఎక్కువ ఒత్తిడి పడుతుంది. కీళ్ళు అరిగినవాళ్ళకు ప్రాణం పోయినట్టుంటుంది.

ఒక రైసు మిల్లు యజమాని ఆర్నెల్లు ఆలోచించి, నాలుగు కార్లు పోల్చి, ఒకటి కొన్నారు. ఇంజను గురించి ఆయనకు తెలియని సంగతి లేదు. కారు ఇంటికి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గుడికి వెళ్ళారు. గుడి దగ్గర ఆవిడ దిగలేకపోయారు. ఇద్దరు మనుషులు చేతులు పట్టి లేపవలసి వచ్చింది. ఆవిడకు రెండు మోకాళ్ళూ అరిగి పదేళ్ళయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, కారు ఎంచేటప్పుడు తోచలేదు. ఆవిడ ఇప్పటికీ మా ఆసుపత్రికి ఆటోలోనే వస్తారు. ఆటో సీటు ఎత్తు ఆవిడ మోకాళ్ళకు కుదిరింది!

కాబట్టి కారు చూడటానికి ఒక్కరే వెళ్ళకండి. ఆ కారులో తరచు తిరగబోయే అమ్మగారినో అత్తగారినో మీ ఆవిడనో వెంటబెట్టుకు వెళ్ళండి. వాళ్ళచేత మూడుసార్లు ఎక్కించి, మూడుసార్లు దింపించండి. తలుపు ఎంత తెరుచుకుంటుంది, తల పైకప్పుకు తగులుతోందా, కాలు లోపలికి తీసుకునేటప్పుడు గడప అడ్డం వస్తోందా, పట్టుకోవడానికి పైన పిడి వుందా చూడండి. సరైన పద్ధతి ఏమంటే, సీటుకు వీపు పెట్టి ముందు కూర్చుని, ఆ తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఒంటికాలి మీద నిలబడి దూరకూడదు. గుడ్డ సీటు మీద తిరగడం కష్టమైతే ఒక ప్లాస్టిక్ సంచి పరుచుకోండి, సులువుగా తిరుగుతారు. కదలబోయే ముందు దాన్ని తీసెయ్యాలి. తోలు సీటు మీద పట్టుచీర కట్టుకున్నవాళ్ళకు ఆ సంచి అక్కర్లేదు, జారకుండా వుంటే చాలు. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు మొదటి కొన్ని వారాలు మీ సర్జను అనుమతి లేకుండా ఇలాంటి లోతు సీట్లలో కూర్చోకండి. తుంటి మరీ మడిస్తే కొత్త కీలు తప్పుకునే ప్రమాదం వుంది.

నడిపేవారి కొలతలు

వీపు సీటుకు పూర్తిగా ఆనించి కూర్చోండి. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. అంతకంటే తక్కువైతే రక్తనాళాలు నొక్కుకుంటాయి, ఎక్కువైతే తొడలకు ఆసరా చాలదు. భుజాలు సీటుకు ఆనివుండగానే చేయి చాచితే మణికట్టు స్టీరింగు పైభాగానికి అందాలి. రొమ్ముకీ స్టీరింగుకీ మధ్య 25 సెంటీమీటర్లయినా ఎడం వుండాలి, లేకపోతే ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగే గాయం చేస్తుంది. హెడ్‌రెస్టు అనేది కునుకు తియ్యడానికి పెట్టినది కాదు. వెనకనుంచి మరో బండి గుద్దినప్పుడు తల కొరడాలా వెనక్కి విసురుకోకుండా అది మెడను కాపాడుతుంది. దాని పైఅంచు మీ తల పైభాగానికి సమంగా వుండి, తలకు వీలైనంత దగ్గరగా వుండాలి. పొడగరులకు కొన్ని కార్లలో అది అందనే అందదు.

మెడ అరుగుదల వున్నవారు వెనక్కి తిప్పి పార్కు చేసి చూడండి. కెమెరాలు ఎన్ని వున్నా మెడ ఎంతోకొంత తిప్పక తప్పదు. మీరు రోజూ పెట్టుకునే కళ్ళజోడుతోనే నడపండి, ఒకసారి చీకటిపడ్డాక కూడా. శుక్లాలు మొదలైనవారికి ఎదుటి దీపాలు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తాయి. అలా కనిపిస్తే ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి, కారు తరువాత. అద్దం మీద అంకెలు వెలిగే కార్లు వస్తున్నాయి. పోలరైజ్డ్ చలవ కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆ అంకెలు సరిగా కనిపించకపోవచ్చు. ఇక చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు వున్నవారి సంగతి. వారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. ఈ పెద్ద కార్లు కాలు ఆనిస్తే చాలు దూకుతాయి. యాక్సిలరేటరు మీద కాలుందో బ్రేకు మీద వుందో చూడకుండా చెప్పలేనివారు నడపడం మానెయ్యాలి. దీనిలో మొహమాటం పనికిరాదు.

వెనక సీటు

ఈ కార్లు కొనేవారిలో చాలామంది నడపరు, వెనక కూర్చుంటారు. కంపెనీలకు ఆ సంగతి తెలుసు. అందుకే మన దేశంలో ఇ-క్లాసు మెర్సిడెస్‌ను 2017 నుంచి, 5 సిరీసు బి.ఎం.డబ్ల్యు.ను 2024 నుంచి పొడుగు చేసి అమ్ముతున్నారు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం మూడు మీటర్లు దాటింది. కాళ్ళు చాపుకోవడానికి జాగా బోలెడు. కాని కారు ఎంత పొడుగైతే దాని పొట్ట స్పీడు బ్రేకరుకు తగిలే అవకాశం అంత ఎక్కువ. ఇంటిల్లిపాదినీ, సామానునూ ఎక్కించుకునే ఆ పరీక్ష చెయ్యండి. కాళ్ళకు జాగా వుండటమూ, తొడలకు ఆసరా వుండటమూ ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మోకాళ్ళు పైకి లేచి, బరువంతా పిరుదుల మీదే పడుతుంటే రెండు గంటల ప్రయాణానికే నడుము పట్టేస్తుంది.

బహిష్టులు ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారుతాయి. స్పీడు బ్రేకరు మీద కారు ఎగిరిపడితే అలాంటివారికి వెన్నుపూస నలిగిపోవచ్చు. చిన్న కుదుపు తరువాత నడుములో నొప్పి మొదలై తగ్గకపోతే, వాతమని తైలం రాసుకుంటూ కూర్చోక ఎక్స్‌రే తీయించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బెల్టు. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. అది ఖరీదైన మెర్సిడెస్ కారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని ఆగిపోవడమంటే నాలుగంతస్తుల మేడమీంచి పడ్డంత దెబ్బ. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా అవి బెల్టుకు తోడుగా పనిచేసేవే గాని బెల్టుకు బదులు కావు. మూడుచోట్ల పట్టివుంచే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీలో బోలిన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. అన్ని కంపెనీలవాళ్ళూ వాడుకోవచ్చని వోల్వో వదిలిపెట్టింది.

కనుక వెనక సీట్లో అందరూ బెల్టులు పెట్టుకునే పరీక్ష చెయ్యండి. కొక్కెం తడుముకోకుండా దొరుకుతోందా? మెడకు కోసుకోకుండా భుజం మీదుగా వస్తోందా? కింది పట్టీ పొట్టమీద కాక తొడల మొదట్లో, తుంటి ఎముకల మీద ఆనాలి. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం. మధ్యలో కూర్చునే అయిదోవారికి ఎత్తుగా, గట్టిగా వుండే సీటు ఇస్తున్నారంటే ఆ కారు నలుగురికే అనుకోండి. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ముద్దు కాదు. వాడి సీటు వాడికి విడిగా బిగించే కొక్కేలు వున్నాయా అడగండి. బెల్టు కూత వినపడకుండా పెట్టే ఉత్తుత్తి బిళ్ళలను 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళనుంచి తీయించింది. ఎవరైనా "ఫ్రీగా ఇస్తాం సార్" అంటే తీసుకోకండి.

కొత్త కారు వాసన కొందరికి ఇష్టం. ఉబ్బసం వున్నవారికి అది దగ్గు తెప్పించవచ్చు. మొదటి కొన్ని వారాలు అద్దాలు దింపి కాసేపు గాలి ఆడనిచ్చి ఎక్కండి. ఏసీలో లోపలి గాలినే తిప్పుకునే మీట ఎప్పుడూ నొక్కివుంచితే, నలుగురి ఊపిరితో గాలి చెడి నడిపేవాడికి మత్తు వస్తుంది. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విజయవాడనుంచి తిరుపతి వెళ్ళేవారు ఎంత మంచి సీటైనా రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యాలి.

డ్రైవరును పెట్టుకునేవారు అతన్నీ పరీక్షకు తీసుకెళ్ళండి. రోజుకు పది గంటలు ఆ సీట్లో వుండేది అతనే. ఈ కార్లలో సీటు కొలతలను గుర్తుపెట్టుకునే బొత్తాలు సామాన్యంగా రెండో మూడో వుంటాయి. ఒకటి అతని పేర సరిచేసి ఇవ్వండి.