చిగురు మీదే చావుదెబ్బ!

వానలు పడ్డాయంటే అడవికి పండగే. మోడు కూడా చిగురిస్తుంది, రాలిన గింజ మొలకెత్తుతుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని కొన్ని అడవుల్లో మాత్రం ఆ చిగురే చెట్టుకు శాపమైంది. లేత ఆకు విచ్చుకోగానే దానిమీద పసుపు చల్లినట్టు పొడి కనిపిస్తుంది. కొద్దిరోజుల్లోనే ఆకు మాడిపోతుంది. కారణం... మిర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు.

ఎక్కడిదీ తెగులు?

ఈ శిలీంధ్రం పుట్టిల్లు దక్షిణ, మధ్య అమెరికా. 1884లో బ్రెజిల్‌లో జామచెట్టు మీద చూసి దీని గురించి మొదటిసారి రాశారు. 2005లో హవాయి దీవుల్లో, 2010లో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో బయటపడింది. 2017లో న్యూజిలాండ్‌లోనూ అడుగుపెట్టింది. కంటికి ఆనని దీని బీజాలు గాలిలో తేలిపోతాయి. కీటకాలకీ మనుషుల బట్టలకీ అంటుకుని ప్రయాణిస్తాయి. అందుకే ఒకసారి అడవంతా పాకాక దాన్ని తరిమేయడం ఎవరివల్లా కావడంలేదు.

దీని గురి ఒకే కుటుంబం మీద. మనకు బాగా తెలిసిన జామ, నేరేడు, లవంగం, జామాయిల్ అన్నీ ఆ కుటుంబంలోవే. పుట్టినచోట చాలా చెట్లు దీంతో కలిసి బతకడం తరతరాలుగా నేర్చుకున్నాయి. ఆస్ట్రేలియా చెట్లకు ఆ అలవాటు లేదు. అక్కడ 350కి పైగా జాతులకు ఈ తెగులు సోకగలదని తేలింది.

పిల్లమొక్కలేవీ?

ముదురాకుల జోలికి ఈ తెగులు పెద్దగా పోదు. లేత ఆకులు, చిగుళ్లు, మొగ్గలు, పిందెలే దాని ఆహారం. దాంతో దూరం నుంచి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. పూత నిలవదు కాబట్టి కాయలుండవు. కాయల్లేకపోతే గింజలూ ఉండవు. ఎక్కడో ఓ గింజ మొలకెత్తినా దాని ఒళ్లంతా లేతే కదా, తట్టుకోలేదు! వేసిన చిగురల్లా మాడిపోతుంటే ఆకులు తయారుచేసే ఆహారం అందక చివరికి పెద్దచెట్టూ ఎండిపోతుంది.

అక్కడి అడవిజామ కథ అదే. 2010కి ముందు అది విరివిగా కనిపించే చెట్టు. ఇప్పుడు చాలాచోట్ల మాను చచ్చిపోయి, వేళ్ల నుంచి పిలకలు మాత్రం వస్తున్నాయి. వాటినీ తెగులు వదలడంలేదు. 2020లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్నీ, దాని బంధువైన స్క్రబ్ టర్పెంటైన్‌నీ అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చింది. ఒక్క తరంలోనే 16 జాతుల చెట్లు అడవుల్లో కనుమరుగు కావచ్చని 2021లో పరిశోధకులు హెచ్చరించారు.

చెట్టు పోయినచోట ఖాళీ ఎక్కువకాలం ఉండదు. తెగులు సోకని ఇతర జాతుల మొలకలు, కలుపుమొక్కలు అక్కడికి చేరతాయి. అడవి పచ్చగానే ఉంటుంది కానీ అందులో ఉండే మొక్కలు మారిపోతాయి. ఆ పండ్లు తినే పక్షులకూ, ఆ పూల మీద వాలే కీటకాలకూ తిండి కరవవుతుంది.

ఆశ ఉందా?

ఉంది. ఒకే జాతిలోనూ కొన్ని మొక్కలు తెగులును తట్టుకుంటున్నాయి. శాస్త్రవేత్తలు వాటిని వెతికి పట్టుకునే పనిలో ఉన్నారు. గింజ దొరికితే గింజ, దొరక్కపోతే కొమ్మ ముక్క తెచ్చి అడవికి దూరంగా నర్సరీల్లో పెంచుతున్నారు. అడవికి వెళ్లొచ్చేవారు బూట్లు, బట్టలు శుభ్రం చేసుకోవాలని చెబుతున్నారు.

పెద్దచెట్టు ఎంత పచ్చగా ఉన్నా, దాని నీడలో పిల్లమొక్క కనిపించకపోతే ఆ అడవికి వారసులు లేనట్టే!