మన జొన్నలతో ఇంట్లోనే బిస్కెట్లు

ఆలంపూర్: జొన్నలు బస్తాలకెత్తి అమ్ముతాం. వచ్చిన పైసల్లోంచే పిల్లలకు బిస్కెట్ పాకెట్లు కొంటాం. ఆ పాకెట్లలో ఎక్కువగా ఉండేది మైదా, చక్కెర, పామాయిలు. ఆ బిస్కెట్లేవో మన జొన్నలు, పల్లీలతో మనమే చేసుకోవచ్చు. పొయ్యి, మందపాటి కడాయి ఉంటే చాలు. చేయి కుదిరితే అమ్ముకోవచ్చు కూడా.

జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే రొట్టెకు వేడినీళ్లు పోసి పిసుకుతాం. బిస్కెట్‌కు ఆ సాగుడు అక్కరలేదు. కొరికితే పొడిగా విరగాలి. కాబట్టి జొన్న దీనికి బాగా పనికొస్తుంది. ఉత్త జొన్నపిండి అయితే మరీ చిట్లుతుంది గనుక కొంత గోధుమపిండి కలపాలి.

కావలసినవి (సుమారు 30 బిస్కెట్లకు)

జొన్నపిండి 150 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, చక్కెర పొడి 125 గ్రాములు, నెయ్యి 125 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు, రెండు మూడు చెంచాల పాలు.

చేసే విధానం

జొన్నలను గిర్నీలో మెత్తగా పట్టించి సన్న జల్లెడ పట్టాలి. లేకుంటే పంటికింద ఇసుకలా తగులుతుంది. పేరిన నెయ్యి, చక్కెర కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టాలి. పిండి, మిగతావి కలిపి, పాలు చిలకరిస్తూ ముద్ద చేయాలి. ఎక్కువ పిసకవద్దు. అరగంట మూత పెట్టి ఉంచితే జొన్నపిండి తడి పీల్చుకుంటుంది. తర్వాత చిన్న ఉండలు చేసి అరచేత అదమాలి.

కడాయిలో రెండు వేళ్ల మందాన కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి, పైన చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేయాలి. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు ఎడంగా పేర్చి స్టాండుపై ఉంచాలి. సన్నసెగపై 20, 25 నిమిషాలు కాలాలి. అంచులు ఎర్రబడితే దించండి. వేడిమీద మెత్తగానే ఉంటాయి, కాలలేదనుకోవద్దు. చల్లారాకే గట్టిపడతాయి.

మరికొన్ని రకాలు

పల్లీ బిస్కెట్: గోధుమపిండి తగ్గించకుండా, జొన్నపిండిలో 100 గ్రాములు తీసి అంతే వేయించిన పల్లీల పొడి వేయాలి. పల్లీల్లో దాదాపు సగం నూనే కాబట్టి నెయ్యి 75 గ్రాములు చాలు.

కొర్ర బిస్కెట్: జొన్నకు బదులు కొర్రపిండి, రెండు చెంచాల నువ్వులు.

రాగి బిస్కెట్: పిండి రంగే నలుపు కాబట్టి ఎర్రబడటం కనిపించదు. కమ్మని వాసన, గట్టిపడిన అంచు చూసి దించాలి.

బెల్లం వేస్తే తురిమి జల్లించాలి. పాకం పట్టవద్దు. బెల్లం త్వరగా మాడుతుంది, సెగ తగ్గించాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

బూజు పట్టిన, ముడతపడిన పల్లీలు అసలు వాడవద్దు. ఆ బూజు విషం (అఫ్లటాక్సిన్) వేయించినా, కాల్చినా పోదు. ఏరిపారేయడమే మార్గం.

జొన్నపిండి నిలవ ఉంటే కనరు వాసన వస్తుంది. ఎప్పటికప్పుడు పట్టించుకోండి. బిస్కెట్లు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిగా పెడితే చెమ్మపట్టి మెత్తబడతాయి.

జొన్నవని షుగర్ ఉన్నవారు ధీమాగా తినరాదు. ఇందులో చక్కెర, నెయ్యి తక్కువేమీ కాదు.

అమ్మాలనుకుంటే

2025-26లో కేంద్రం హైబ్రిడ్ జొన్నలకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. ఆ లెక్కన పైన చెప్పిన 150 గ్రాముల జొన్నల విలువ ఆరు రూపాయలు దాటదు. అసలు ఖర్చు నెయ్యి, చక్కెర, వంటచెరకు లేదా గ్యాసు, పాకెట్లది. మీ కూలి కూడా కలిపి లెక్క కట్టాకే ధర పెట్టండి. కంపెనీ పాకెట్లతో ధరలో పోటీపడలేం. తాజాదనం, రుచే మన బలం. జోగులాంబ గుడికి వచ్చే యాత్రికులు, చౌరస్తా దగ్గర ఆగే ప్రయాణికులు కొనవచ్చు.

ఇంట్లో చేసి అమ్మేవారికీ ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పాకెట్‌పై ఏమేమి వేశారో, ఎప్పుడు చేశారో రాయాలి. పల్లీలు పడనివారు ఉంటారు కాబట్టి ఆ మాట తప్పక ఉండాలి. గోధుమపిండి కలిపి 'ఉత్త జొన్నలవి' అని రాయకూడదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న, కొర్ర, రాగులతో ఇలాంటి తినుబండారాల తయారీపై శిక్షణ ఇస్తుంది. అప్పుచేసి ఓవెన్ కొనే తొందర వద్దు. ముందు కడాయిలో నాలుగైదుసార్లు చేసి ఇరుగుపొరుగుకు పెట్టండి. వాళ్లు పైసలిచ్చి మళ్లీ అడిగితే, అప్పుడు ఆలోచించండి.