టక్‌టక్‌ అంటే బ్యాటరీ పోయినట్టేనా?

హైదరాబాద్‌–విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటితే వచ్చేది చివ్వెంల మండలం. దాదాపు సగం దారి కావడంతో టీకో, టిఫిన్‌కో ఇక్కడ ఆగే కార్లు ఎక్కువ. సంక్రాంతికి సరే, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఇంజిన్‌ ఆపేసి, లోపల పాటలు, ఫ్యాను నడుపుతూ గంటసేపు కూర్చుంటారు. బయల్దేరదామని తాళం తిప్పితే టక్‌టక్‌టక్‌! చుట్టూ చేరినవాళ్లలో ఒకరు తేల్చేస్తారు: ‘బ్యాటరీ పోయింది సార్‌, కొత్తది వేయాల్సిందే’. వేల రూపాయల మాట అది. మరి పోయింది నిజంగా బ్యాటరీయేనా?

కొలిచి జవాబు చెప్పగలిగితే మీ చేతిలో ఓ పని ఉన్నట్టే. ఆటో ఎలక్ట్రీషియన్‌కు డిమాండ్‌ వచ్చేది ఇక్కడే. పార్టు మార్చడం చాలామందికి వచ్చు, ఏ పార్టు మార్చాలో తేల్చడం కొద్దిమందికే వచ్చు.

ముందు చెవి.. తర్వాత మీటరు

వరుసగా టక్‌టక్‌ వినిపించి, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే కరెంటు చాలట్లేదని అర్థం. బ్యాటరీ డౌన్‌ అయ్యుండొచ్చు, టెర్మినల్‌ లూజై ఉండొచ్చు. లైట్లు బాగానే ఉండి ఒక్కసారే ‘టక్‌’మంటే సెల్ఫ్‌ మోటార్‌నో, దాని సోలినాయిడ్‌నో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, ఇగ్నిషన్‌ స్విచ్‌ చూడాలి. సెల్ఫ్‌ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్‌ అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోవద్దు. సమస్య ఇంధనం దగ్గరో, స్పార్కు దగ్గరో, సెన్సర్‌లోనో ఉంటుంది.

తర్వాత మల్టీమీటర్‌ తీయండి. మామూలుది కొన్ని వందల రూపాయలకే వస్తుంది. కొన్ని గంటలు ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్‌ ఛార్జ్‌. 12.2 అంటే దాదాపు సగం. 12 కన్నా తక్కువైతే ఖాళీ అయినట్టే లెక్క. అయితే ఖాళీ అవడం వేరు, పాడవడం వేరు. ఛార్జింగ్‌ పెట్టి మళ్లీ చూడాల్సిందే. నిండా ఛార్జ్‌ ఉన్నా సెల్ఫ్‌ కొట్టేటప్పుడు వోల్టేజీ 9.6 కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు. ఇంజిన్‌ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంత రాకపోతే ఆల్టర్నేటర్‌ (మన షెడ్లలో డైనమో అంటారు) ఛార్జింగ్‌ ఇవ్వట్లేదు. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేస్తే అదీ డౌనే.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్‌ నీరసంగా తిరుగుతుంటే మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్‌ పోస్టు మీద, రెండోది ఇంజిన్‌ లోహం మీద పెట్టి సెల్ఫ్‌ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్‌ వైరులోనే లోపం. సెల్ఫ్‌ మోటార్‌ వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది కాబట్టి కాస్త తుప్పు చాలు, దారి మూసుకుపోతుంది. వైరు కొనలు గీకి బిగిస్తే ఒక్క పార్టు కొనకుండానే బండి లేస్తుంది. టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడగొచ్చు. విప్పేటప్పుడు మైనస్‌ ముందు, బిగించేటప్పుడు మైనస్‌ చివర. బ్యాటరీ నుంచి హైడ్రోజన్‌ వస్తుంది కనుక దగ్గర్లో బీడీ, సిగరెట్‌ వద్దు.

రాత్రి బాగున్న బండి తెల్లారేసరికి మొరాయిస్తుంటే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. అన్నీ ఆపి, తలుపులు మూసి, మీటరును ఆంపియర్లలో సిరీస్‌గా కలిపి అరగంటైనా ఆగండి. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లాలి కదా! సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటితే ఒక్కో ఫ్యూజు తీస్తూ వెళ్లండి, రీడింగ్‌ పడిపోయిన చోట దొంగ దొరుకుతాడు. బయట బిగించిన మ్యూజిక్‌ సిస్టంపై ముందు కన్నేయండి. మీటరు ఇలా ఉండగా సెల్ఫ్‌ కొడితే మాత్రం దాని ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్‌ మోటార్‌ వెహికల్‌ రెండేళ్ల ట్రేడ్‌ ఉంది. పాలిసెట్‌ రాసి ఆటోమొబైల్‌ డిప్లొమాలో చేరొచ్చు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్‌ చేస్తే చేయి తిరుగుతుంది. సర్వీస్‌ సెంటర్‌ ఇంటర్వ్యూకు వెళ్తే ‘బండి స్టార్ట్‌ కావట్లేదు, ముందు ఏం చూస్తావు?’ అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. ‘బ్యాటరీ మారుస్తా’ అనకండి, ఏది దేని తర్వాత కొలుస్తారో వరుసగా చెప్పండి.

ఎలక్ట్రిక్‌ కార్లొస్తే ఈ పని పోతుందని కొందరి భయం. వాటిలో పెద్ద బ్యాటరీతో పాటు సాధారణంగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది డౌనైతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. ఆ చిన్నదాన్ని చూడ్డానికీ ఈ మీటరే పనికొస్తుంది. పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ వైర్లు నారింజ రంగులో ఉంటాయి. ప్రత్యేక శిక్షణ లేకుండా వాటిని ముట్టుకోవద్దు.