సర్కారు బడా, కాన్వెంటా, ఇంటి చదువా? గంపలగూడెం తల్లిదండ్రుల అపోహలు – వాస్తవాలు

వేసవి సెలవులు సగం దాటితే గంపలగూడెం మండలంలో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే చర్చ. పిల్లాణ్ని ఊళ్లోని మండల పరిషత్ బడిలోనే ఉంచాలా, తిరువూరు వెళ్లే స్కూలు వ్యాను ఎక్కించాలా, విజయవాడ హాస్టల్లో వేయాలా? ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వచ్చి చేరింది: అసలు బడికే పంపకుండా ఇంట్లో చదివిస్తే ఏమవుతుంది? మిరప, పత్తి, మామిడి మీద బతికే కుటుంబాలకు ఇది చిన్న నిర్ణయం కాదు. పంట దెబ్బతిన్న ఏడు కూడా ఫీజు వాయిదా ఆగదు. ఇంత పెద్ద నిర్ణయం పక్కింటివాళ్లు చెప్పిన మాట మీద తీసుకోకూడదు. అందరి నోటా తరచూ వినిపించే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో చూద్దాం.

అపోహ 1: ప్రైవేటు బడిలో వేస్తే చదువు తప్పకుండా మెరుగవుతుంది.

వాస్తవం: ఈ మాటను మన తెలుగు పల్లెల్లోనే పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఒక అధ్యయనం కోసం లాటరీ తీశారు. పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు ప్రాజెక్టే భరించింది. పేరు రానివాళ్లలో ఎక్కువమంది సర్కారు బడుల్లోనే కొనసాగారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల పాటు ఈ రెండు వర్గాల చదువునూ పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పకపోవడమే దానికి ప్రధాన కారణం.

ఇదే అధ్యయనంలో ప్రైవేటు బడులకు మంచి పేరు తెచ్చే విషయం కూడా ఉంది. సర్కారు బడి ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతోనే అవి ఆ ఫలితం సాధించాయి. కాబట్టి ప్రైవేటు బడులన్నీ మోసమే అనడం తప్పు. అవి వాటంతటవే గొప్పవి అనడమూ తప్పే. అప్పట్లో మన మండలం ఉన్న కృష్ణా జిల్లా ఆ అయిదింటిలో లేకపోయినా, ఆ జిల్లాల పల్లెలూ మన పల్లెల్లాంటివే.

అపోహ 2: ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం అయితేనే ఇంగ్లిష్ వస్తుంది. అది కాన్వెంటులోనే దొరుకుతుంది.

వాస్తవం: రాష్ట్రంలో సర్కారు బడులు కూడా ఇంగ్లిష్ మీడియంలో బోధిస్తున్నాయి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌లో ఉండే పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా పిల్లల చేతుల్లో ఉన్నాయి. అర్థం కాని పాఠాన్ని పిల్లవాడు పక్క పేజీలో తన భాషలో చదువుకోవచ్చు. ఆ పుస్తకాల అసలు బలం అదే.

మీడియం మారినంత మాత్రాన భాష రాదు. పైన చెప్పిన అధ్యయనంలోనే, తెలుగు మీడియం ప్రైవేటు బడులకు వెళ్లిన పిల్లలతో పోలిస్తే ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లు భాషేతర పాఠాల్లో వెనుకబడ్డ సూచనలు కనిపించాయి. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు లేని పిల్లవాడు భాషతోనూ పాఠంతోనూ ఒకేసారి కుస్తీ పట్టాలి. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించమంటోంది. ఇంగ్లిష్ కావాలి, తప్పకుండా కావాలి. దాన్ని ఒక భాషగా శ్రద్ధతో చెప్పే టీచరు ఉన్నారా లేరా అన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న.

అపోహ 3: సర్కారు బడిలో టీచర్లు ఉండరు, ఉన్నా చెప్పరు.

వాస్తవం: సర్కారు టీచర్లను డీఎస్సీ ద్వారా ఎంపిక చేస్తారు. అందులో నెగ్గాలంటే డీఈడీ లేదా బీఈడీ, టెట్ అర్హత, ఆపైన పోటీ పరీక్షలో ర్యాంకు ఉండాలి. చదువులో, శిక్షణలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. ఖాళీల సమస్య మాత్రం నిజమే. దాన్ని పూడ్చడానికే 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలలు కూడా ఆ ఏడాదే మొదలయ్యాయి.

అయినా చిన్న ఊళ్లలో ఒకరిద్దరు టీచర్లే అన్ని తరగతులనూ చూసుకునే బడులు ఇంకా ఉన్నాయి. ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలన్నది చట్టం లెక్క. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అన్నది బడికి వెళ్లి అడిగితే చెబుతారు. ప్రైవేటు బడిలో కూడా ఇదే అడగండి. చెప్పేవాళ్ల అర్హత ఏమిటో, నిరుటి సార్లు, మేడమ్‌లు ఈ ఏడు ఉన్నారో లేదో కనుక్కోండి.

అపోహ 4: ప్రైవేటులో వేస్తే తల్లికి వందనం రాదు.

వాస్తవం: ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు సర్కారు, ప్రైవేటు రెండింటికీ ఈ పథకం ఉంది. అర్హత ఉన్న ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతుంటే అంతమందికీ వస్తుంది. 2025లో ఒక్కొక్కరికి 15,000 రూపాయల్లో 13,000 తల్లి ఖాతాకు జమయ్యాయి, 2,000 బడుల నిర్వహణకు కేటాయించారు. 75 శాతం హాజరు తప్పనిసరి.

మధ్యాహ్న భోజనం, యూనిఫాం, బూట్లు, బ్యాగు, పుస్తకాల కిట్టు మాత్రం ప్రైవేటు పిల్లలకు అందవు. కాబట్టి రెండు బడులనూ పోల్చేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకండి. వ్యాను, పుస్తకాలు, యూనిఫాం, ట్యూషన్ అన్నీ కాగితం మీద రాసి కూడండి.

అపోహ 5: డబ్బు లేనివాళ్లకు ప్రైవేటు సీటు కల.

వాస్తవం: 2009 నాటి విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. వాళ్లకు ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితం. మన రాష్ట్రంలో ఈ సీట్లను అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగిలిన బలహీన వర్గాలకు 6 శాతంగా పంచారు. ఈ చివరి వర్గానికి పల్లెల్లో ఏడాది ఆదాయ పరిమితి 1.20 లక్షల రూపాయలు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. ప్రకటన ఎప్పుడు వస్తుందో మండల విద్యాశాఖ కార్యాలయంలో ముందే అడిగి పెట్టుకోండి.

ఇంకో సంగతి. చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టడం చట్టవిరుద్ధం. మొదటిసారి తప్పుకు 25,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

అపోహ 6: సర్కారు బడిలో చదివితే పెద్ద చదువులకు దారి మూసుకుపోతుంది.

వాస్తవం: కొన్ని దారులు సర్కారు బడి పిల్లలకే ఎక్కువగా తెరుచుకుంటాయి. మనకు దగ్గరలోని నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులే ప్రవేశానికి ఆధారం. హాస్టల్ లేని సర్కారు, జిల్లా పరిషత్, మున్సిపల్ హైస్కూళ్లలో చదివినవారికి అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్పు. ఉమ్మడి కృష్ణా జిల్లాకు వేలేరులో ఉన్న నవోదయలో ఆరో తరగతి సీట్లలో 75 శాతం పల్లె పిల్లలవే. ఆ ప్రవేశ పరీక్షను సర్కారు, ప్రైవేటు పిల్లలు ఇద్దరూ రాయవచ్చు.

అపోహ 7: ఇంట్లో చదివించడం నేరం, ఆ సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదు.

వాస్తవం: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని చట్టం చెబుతోంది. చేర్చని తల్లిదండ్రులకు అందులో శిక్ష మాత్రం రాయలేదు. 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా గానీ, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి రాయవచ్చు. ఆ సర్టిఫికెట్లు చెల్లుతాయి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకైతే ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ చట్టంలోనే చేర్చింది.

కానీ పొద్దున్నే చేనికి వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో ఇది కుదిరే పని కాదు. రోజూ గంటల తరబడి కూర్చుని చెప్పగల పెద్దలు ఉండాలి, తోటి పిల్లల సావాసం ఉండాలి. బడి మానేసిన పిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చి దాన్ని ఇంటి చదువు అనుకోవద్దు. ఆడపిల్ల విషయంలో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బడి మానిపించడం పెళ్లికి దారి తీయకూడదు.

అపోహ 8: మధిరలో చదివినా, తిరువూరులో చదివినా ఒకటే.

వాస్తవం: మన పొలిమేర దాటితే మధిర ఉన్న ఖమ్మం జిల్లా. రాష్ట్ర విభజనతో అది వేరే రాష్ట్రంలోకి వెళ్లింది. కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో స్థానికతను సాధారణంగా అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి లెక్కిస్తారు. దగ్గర కదా అని హైస్కూలుకు అవతలికి పంపేముందు ఈ లెక్క చూసుకోవాలి.

మరి ఎలా ఎంచుకోవాలి?

బడి బోర్డు చూసి కాదు, మీ పిల్లవాడిని చూసి. మూడో తరగతి దాటినవాణ్ని కూర్చోబెట్టి రెండో తరగతి తెలుగు పాఠం చదివించండి. అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత ఒకటి చేయించండి. పల్లె పిల్లల చదువు కొలిచే అసర్ సర్వేలో అడిగేవి కూడా ఇలాంటివే. రెండూ రాకపోతే అది సర్కారు బడైనా, వేలు పోసే కాన్వెంటైనా, ఇప్పుడే వెళ్లి టీచరుతో మాట్లాడాలి. మాట్లాడే హక్కు మీకుంది. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని చట్టమే రాసింది. 2024 డిసెంబరు 7న మొదలైన మెగా పేరెంట్ టీచర్ మీటింగులకు కూలి పోయినా సరే ఒక పూట వెళ్లండి.

ఫీజు కట్టేముందు, టీసీ తీసుకునేముందు రెండు బడుల్లోనూ ఒక పూట గడపండి. మీ బిడ్డ కూర్చునే తరగతి గదిలో ఏం జరుగుతోందో మీ కళ్లతో చూశాకే నిర్ణయించండి.