పాత కారులో ముందుగా తలుపు కిందే ఎందుకు చూడాలి?

ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన స్పోర్ట్స్ కారు ఎంజీబీ. అమ్మానాన్నలతో కలిసి దాన్ని బాగుచేసే పిల్లలు ముందుగా చూడాల్సింది ఇంజిన్ కాదు, తలుపుల కింద ఉండే సిల్స్ అనే రేకు భాగాలు!

ఎందుకు? ఈ కారుకు విడిగా ఛాసిస్ అనే చట్రం లేదు, బాడీయే బరువు మోస్తుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో సిల్స్ మీద భారం మరీ ఎక్కువ. ఇంగ్లండ్‌లో చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు సిల్స్‌లో చేరి లోపల్నుంచే తుప్పు పట్టిస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మోత ఉండదు.

తుప్పు తిన్న సిల్‌ని ఎలా మార్చాలి? సిల్ కోసేముందే తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాలి. లేకపోతే బాడీ నడుమ కుంగి, కొత్త సిల్ వేశాక తలుపు సరిగా పడదు. వెల్డింగ్ పెద్దవాళ్లు చేయాలి. తలుపు ఖాళీ కొలతలు ముందూ తర్వాతా రాసిపెట్టడం పిల్లల పని. నా దృష్టిలో అసలు కీలకం అదే.