ఖరీదైన స్టెంటే మంచిదా?

గుండె నాళం పూడిందని చెప్పంగనే ఇంటోళ్లకు కాళ్లు చేతులు ఆడవు. "మామూలుది పెట్టాల్నా, మంచిది పెట్టాల్నా" అని అడిగితే అప్పు జేసైనా మంచిదే పెట్టుమంటం. మంచిదంటే ఏందో మాత్రం ఎవ్వరు చెప్పరు. నేను డాక్టర్‌ను కాదు, చదివి సమజ్ చేసుకున్నది చెప్తున్న.

స్టెంట్ అంటే సన్నటి లోహపు గొట్టాన్ని లేజర్‌తోని కోసి చేసిన జాలి. దాన్ని బెలూన్ మీద బిగించి, చేతి నాళంలకెల్లి గుండె దాక పంపుతరు. కారు టైర్ల గాలికి నాలుగైదింతల ఒత్తిడితోని బెలూన్ ఉబ్బిస్తే జాలి ఇచ్చుకుంటది. బెలూన్ తీసినంక అది పెన్ను స్ప్రింగు లెక్క ముడుసుకుపోవద్దు. సెంట్రింగ్ పనిల బైండింగ్ తీగ లెక్క, వంచినట్టే ఉండాలె.

చిక్కంత ఇక్కడనే ఉన్నది. తీగ మందమైతే నాళానికి గాయం ఎక్కువ, రక్తం పారుడుకు అడ్డం. సన్నగైతే బలం తక్కువ. పాత సైఫర్ స్టెంట్ స్టీలు తీగ 140 మైక్రాన్లు. గట్టిదైన కోబాల్ట్-క్రోమియం వచ్చినంక 80 దగ్గరికి దిగింది, దాదాపు మన వెంట్రుకంత. తీగల నడుమ లంకెలు ఎక్కువైతే జాలి వంపులల్ల తిరగదు, తక్కువైతే పొడుగుల నలుగుతది. గుండె దినాం లక్ష సార్లు కొట్టుకుంటది. అందుకే పదేండ్ల లెక్క గట్టి, 40 కోట్ల సార్లు ఆడించి పరీక్షిస్తరు.

మరి మందెందుకు? ఉత్త లోహం పెడితే గాయం మానుకుంట కండ పెరిగి, నూటికి 20-30 మందికి మల్ల పూడుకపోతుండె. సిరోలిమస్ అసొంటి మందు పూతలకెల్లి నెలల తరబడి కొంచెం కొంచెం ఊరి ఆ పెరుగుడును ఆపుతది. కానీ జాలి మీద కొత్త పొర వచ్చుడును గూడ అదే ఆలస్యం చేస్తది. పొర రాని లోహం మీద రక్తం గడ్డ కడితే పానానికే ముప్పు. రక్తం గడ్డకట్టకుంట ఇచ్చే గోలీలు అందుకే. పానం మంచిగైందనో, పైసల్లేవనో డాక్టర్‌ను అడగకుంట ఆపొద్దు.

ఇగ ధర ముచ్చట. బిరేందర్ సంగ్వాన్ అనే వకీలు ఢిల్లీ హైకోర్టుల కొట్లాడిండు. లక్ష దాటి అమ్మిన మందు స్టెంట్‌కు 2017 ఫిబ్రవరిల కేంద్రం 29,600 రూపాయల హద్దు పెట్టింది. ఒక్క రాత్రిల లోహం మారలే, మందు మారలే. తగ్గింది నడిమిట్లోళ్ల లాభమే. మన హైదరాబాద్‌లనే 1990లల్ల డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు స్టెంట్ చేసి చూపెట్టిండ్రు.

అందుకే సంతకం పెట్టేముందు నాలుగు మాటలు అడుగుండ్రి: ఏ లోహం, తీగ మందమెంత, ఏ మందు, గోలీలు ఎన్ని నెలలు? బిల్లుల స్టెంట్ కంపెనీ పేరు, ధర విడిగ రాయమనుండ్రి. అది మన హక్కు, ఎవ్వరి దయ కాదు.