అక్షరాలు అలుక్కుపోతే...

మొన్నామధ్య మా నాన్నగారి షష్టిపూర్తికి పాత ఫొటోలూ, 1996 నాటి తమ్ముడి ఒడుగు క్యాసెట్టూ కలిపి పన్నెండు నిమిషాల వీడియో నేనే చేస్తానని బడాయిగా ఒప్పుకున్నాను. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చేశాను. కంప్యూటర్ తెరమీద ఎంత బాగుందో! ప్రతి ఫొటో కిందా పేర్లు, చుట్టూ సన్నని బంగారు అంచు...

ముహూర్తం ఇంకా నాలుగు రోజులుందనగా రెండర్ చేశాను. అంటే ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా మార్చడమన్నమాట. హాల్లో టీవీకి పెట్టేసరికి నా ప్రాణం ఉసూరుమంది. అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్టు మసక, అంచులు మిణుకుమిణుకు! అమ్మ కళ్లజోడు సవరించుకుని, "నా ఫొటో కింద ఏం రాశావే? కనబడ్డం లేదు" అంది.

అక్కడ రాసింది ఆవిడ పేరే. ఫలానావారి భార్యగా, ఫలానావాళ్లమ్మగా తప్ప పేరుపెట్టి ఎవరూ పిలవని మనిషి. ఆ ఒక్కచోటైనా పేరు నిండుగా కనబడాలని ముచ్చటపడి ఎర్రరంగులో రాశాను. సరిగ్గా అదే అలుక్కుపోయింది!

సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ, తయారైన వీడియోనే మళ్లీ లోపలికి తెచ్చి, దానిమీదే అక్షరాలు దిద్ది మళ్లీ రెండర్ చేశాను. ఇంకా అధ్వాన్నమైంది. చివరికి మా వీధిలో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అమ్మాయిని పిలిచాను.

ముందు ఎక్కడ చూశారు?

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, వీడియోని ఫోన్‌కి పంపుకుని చూశారా?" అని. నిజమే! మెసేజీల యాప్‌లో మావారి ఫోన్‌కి పంపి, అక్కణ్ణుంచి టీవీకి పెట్టాం. అలా పంపితే యాప్ వీడియోని బాగా కుదించేస్తుందట. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. కాబట్టి ముందు కంప్యూటర్‌లోని అసలు ఫైలు చూడండి. అది బాగుంటే తప్పు రెండర్‌ది కాదు. మాది కాస్త నయమేగాని, మసక పోలేదు.

కొలత కుదరాలి

నేను ప్రాజెక్టుని 1280×720 కొలతతో మొదలుపెట్టి, రెండర్ మాత్రం 1920×1080కి చేశాను. మొదటిదాంట్లో ఉండేవి దాదాపు 9 లక్షల చుక్కలు, రెండోదాంట్లో 20 లక్షల పైచిలుకు. ఎనభై సెంటీమీటర్ల గుడ్డని లాగి మీటరు చేస్తే ఏమవుతుంది? నేత పల్చబడుతుంది. ఇదీ అంతే. ప్రాజెక్టూ రెండరూ ఒకే కొలతలో ఉండాలి.

ఫొటోల సంగతీ ఇంతే. యాప్‌లో వచ్చిన చిన్న ఫొటోని తెరనిండా సాగదీస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ఆల్బమ్‌లోంచి తీసి మళ్లీ స్కాన్ చేయించండి. పేర్లని బొమ్మలుగా తయారుచేసి అతికించకుండా సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేయండి. బొమ్మే కావాలంటే జేపెగ్ వద్దు, అక్షరాల చుట్టూ మురికి మిగులుస్తుంది. పీఎన్‌జీ అయితే అంచులు శుభ్రంగా ఉంటాయి.

బిట్‌రేటు పిసినారితనం

ఒక సెకను బొమ్మకి ఎంత సమాచారం ఖర్చుపెడతామన్నదే బిట్‌రేటు. నా ఫైలు 180 ఎంబీ. పన్నెండు నిమిషాలకి లెక్కవేస్తే సెకనుకి 2 మెగాబిట్లు! 1920×1080 కొలత వీడియోకి, మామూలు వేగానికి, 8 మెగాబిట్లు పెట్టమని యూట్యూబ్ వాళ్ల సూచన. అలా పెడితే ఫైలు 720 ఎంబీ అవుతుంది. అవనివ్వండి! చోటు ఆదా చేయబోతే ముందు బలయ్యేవి అక్షరాలూ, సన్నగీతలే.

ఎరుపు ఎందుకు చెదిరింది?

ఇది నాకు అస్సలు తెలియని సంగతి. మామూలు వీడియోల్లో వెలుగు వివరం ప్రతి చుక్కకీ విడిగా ఉంటుంది గానీ, రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే! అందుకే ముదురు నేలమీద ఎర్ర అక్షరాల అంచులు చెదిరిపోతాయి. తెల్ల అక్షరాలకి సన్నని నల్ల అంచు పెడితే నిలుస్తాయి. ఎరుపు మీదే మనసుంటే వెనక పట్టీని ఎరుపు చేసి, అక్షరాలు తెల్లగా రాయండి. ఒక్క చుక్క మందం గీతలు ఫొటో కదిలేటప్పుడు మిణుకుమంటాయి. మూడు నాలుగు చుక్కల మందం ఉండాలి.

పాత క్యాసెట్టు

ఒడుగు వీడియోలో చేతులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడ్డాయి. మన పాత క్యాసెట్లలో సెకనుకి 25 బొమ్మలు. ఒక్కోటీ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు. ఆ సగాలు రెండు వేర్వేరు క్షణాలవి కావడంతో కదలిక దగ్గర అతకవు. ఆ ముక్కకి మాత్రం డీఇంటర్లేస్ అనే సదుపాయం వాడితే సరిపోతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ప్రాక్సీలు, అంటే చిన్న నకళ్లు, పెట్టుకుని పనిచేస్తుంటే రెండర్ చేసేటప్పుడు అసలు ఫైళ్లకి మారారో లేదో చూసుకోండి. తయారైన వీడియోని మళ్లీ మళ్లీ రెండర్ చేయడం జిరాక్సుకి జిరాక్సు తీయడమే. ఎప్పుడు దిద్దినా అసలు ప్రాజెక్టులోనే దిద్దాలి. ముందు, అక్షరాలెక్కువున్న పది సెకన్లు మాత్రం రెండర్ చేసి టీవీలో చూసుకుంటే రాత్రంతా వృథా కాదు.

అన్నీ సరిచేసేసరికి రెండు రాత్రులు పట్టింది. డబ్బిస్తే "మీ దగ్గర ఏంటక్కా!" అంది ఆ అమ్మాయి. ఇంట్లో కూర్చుని చేసినా పని పనే కదా! బొట్టు పెట్టి, బయట ఎంత తీసుకుంటుందో అంతా చేతిలో పెట్టాను.

షష్టిపూర్తినాడు హాల్లో వీడియో వేశారు. అమ్మ ఫొటో వచ్చింది. ఎర్రపట్టీ మీద తెల్లగా పేరు. అమ్మ కళ్లజోడు సవరించుకోలేదు. పెదవులు కదుపుతూ తన పేరు తనే చదువుకుంది. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు కనబడుతోందే" అంది.